తువాలు కింద మాట

ఫోటో సుబ్బరత్నమ్మ చేతిలో పెట్టి, "చూస్తూ ఉండండి పిన్నిగారూ, నిమ్మసోడా పట్టుకొస్తాను" అని కల్యాణి అటు వెళ్ళింది. చూడ్డానికేముంది, ఒక్కసారి కన్ను పడితే చాలదూ? అదే తెల్ల లాల్చీ, అదే చేతుల కుర్చీ, మోకాలి మీద అదే కుడిచెయ్యి, వెనకాల స్టూడియోవాళ్ళ తెర మీద అదే కొండా, అదే సెలయేరూ. రెండేళ్ళ కిందట సుబ్బరత్నమ్మకి పంపిన ఫోటో ఇదే. ఇంకో ఫోటో తీయించుకోవడానిక్కూడా బద్ధకించాడు, ఓరి నీ బద్ధకం తగలెయ్య! అప్పుడు పేరు లక్ష్మీనరసింహారావు, ఇప్పుడు వెంకటకృష్ణారావట, ఏలూరు బస్సులో దిగుతాడట, దిగి హోటల్లో కాఫీ తాగి, కల్యాణి వాళ్ళమ్మ నగలు పట్టుకుని బెజవాడ వెళ్ళి, కొత్త మోస్తరు గొలుసూ మంగళసూత్రాలూ చేయించుకొస్తాడట. ఆ నగలు కల్యాణి భుజానికి వేలాడుతున్న హ్యాండ్‌బ్యాగులో ఉన్నాయి. బస్టాండుకొచ్చిన దగ్గర్నుంచీ దాన్ని పదేపదే తడిమి చూసుకుంటోంది పిచ్చిపిల్ల. పిల్లేమిటి, నలభై ఆరేళ్ళ మనిషి, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని ఊరందరికీ ఫోన్లు కలిపే మనిషి. అయినా ఇవాళ కట్టుకున్న ఆ నెమలికంఠం రంగు చీరా, ఆ పూలూ, ఆ నడకా చూస్తే పిల్ల అనే అనిపిస్తోంది. ఏలూరు బస్సు ఇంకా రాలేదు. ఆలస్యమని ఎవరో అంటున్నారు. ఎంత ఆలస్యమైనా రాక మానదు కదా.

బస్టాండంతా మామిడిపండు వాసన. బెంచీల మధ్య గంపలు, గంపల మీద గోనెలు, గోనెల మీద జనం. ఉంగుటూరు వైపు నుంచి వచ్చిన వరిగడ్డి కాళ్ళకి చుట్టుకుంటోంది. సీజను నడుమ కొట్టు వదిలి ఇలా గంటసేపు బెంచీ మీద కూర్చోవడం సుబ్బరత్నమ్మ ఎరగదు. గుమాస్తా నారాయణరావు వింతగా చూశాడు కూడా. కల్యాణి అడిగింది కాబట్టి వచ్చింది. పెళ్ళిచూపులనాలో ఏమనాలో తెలియని ఈ వ్యవహారానికి ఒక పెద్దదిక్కు కావాలంది. "మీరు పక్కన ఉంటే ఆయన నాకెవరూ లేరనుకోడు" అంది. ఆ మాటకి పొంగిపోయి, ఇస్త్రీ చీర కట్టుకుని మరీ వచ్చింది. ఎవరొస్తున్నారో తెలిస్తే ఆ చీర కట్టేదా? అయ్యో రాతా, ఇప్పుడు తెలిశాక కూడా చెయ్యి దానంతటదే నుదుటి మీదికి పోయి చెదిరిన జుట్టు సర్దింది. సిగ్గులేని చెయ్యి. దాన్ని ఒళ్ళోకి లాక్కుని ఫోటో కింద పెట్టుకుంది.

నిజం చెప్పాలంటే సుబ్బరత్నమ్మ ఆ మనిషిని మనసులో ఎప్పుడో చంపేసుకుంది. మొదట జ్వరం తెప్పించింది, మామూలు జ్వరం, తగ్గగానే వస్తాడని. రాకపోతే రైలు ప్రమాదమంది. పేపర్లో ఎక్కడ రైలు పడినా పేర్ల కోసం వెతికింది. ఆ తర్వాత ఎవరూ దగ్గర లేకుండా ఏ ఊరి ఆసుపత్రిలోనో పోయుంటాడని ఖాయం చేసుకుని, ఒక ఆదివారం ఎవరికీ చెప్పకుండా తలారా స్నానం చేసి గదిలో తలుపు వేసుకుని ఏడ్చింది. మొగుడు వీరరాఘవయ్య పోయినప్పుడు చుట్టాలందరూ చేరి గాజులు తీశారు, బొట్టు తీశారు, అప్పటికి ముప్పై ఏళ్ళు దాటి ఎన్నాళ్ళో కాలేదు. రెండోసారి తీయడానికి ఒంటి మీద ఏమీ లేవు. అయినా ఆ ఏడుపులో ఎంత హాయి ఉందో! మోసపోయాననుకోవడం కంటే మళ్ళీ విధవనయ్యాననుకోవడం తేలిక. చచ్చినవాడు మనల్ని వద్దనుకుని వెళ్ళలేదు కదా, పోవలసివచ్చి పోయాడు. రెండేళ్ళు అలా నెట్టుకొచ్చింది. ఇప్పుడు ఈ ఫోటో వచ్చి వాడు బతికే ఉన్నాడంటోంది. నిక్షేపంలా ఉన్నాడు, బస్సెక్కాడు, వస్తున్నాడు. ఏడవాలో, తిట్టాలో, ఇన్నాళ్ళూ అనవసరంగా మైల పట్టినందుకు నవ్వుకోవాలో తెలియడం లేదు.

ఎక్కడ మొదలైందసలు? గంపల అడుగున పరిచే పాత పేపర్ల దగ్గర. నారాయణరావు పేపర్ల కట్ట విప్పితే పైన ఒక ఆదివారం కాగితం, అందులో పెళ్ళిమాటల వరస. వ్యాపారస్థుడు, భార్య గతించినది, తోడు కావలెను, వితంతువులు సైతం రాయవచ్చును. ఆ 'సైతం' దగ్గర ఆవిడ కళ్ళు ఆగిపోయాయి. ఆ కాగితం గంపలో పడకుండా మడిచి నడుముకి దోపుకుంది. రాసింది. రాసి, పెద్ద తెలివిగా ఒక సలహా కూడా ఇచ్చింది. మా కొట్టుకొచ్చే టపా అంతా గుమాస్తా పైకి చదవడం మా మామగారి కాలం నుంచి అలవాటండీ, కాబట్టి తమరు నాకేం రాసినా సరుకు గురించి రాసినట్టు రాయండి. ఇంకేం! కార్డు ముక్కలు రాసాగాయి నాగపూర్ నుంచి. నారాయణరావు కళ్ళజోడు సవరించుకుని గట్టిగా చదివేవాడు. 'తమ తోట క్షేమమని తలుస్తాను. రాత్రి ఇక్కడ గాలి వీచింది, తమ తోట తలపుకొచ్చి నిద్రపట్టలేదు. తమరు తెల్లవారకముందే లేచి మంచులో తిరగవద్దని మనవి.' చదివి నారాయణరావు, "నాగపూర్ పార్టీ మరీ పాతకాలం మనిషండీ అమ్మగారూ, ఎంత మర్యాదో" అనేవాడు. ఎదురుగా మరిది శ్రీరాములు తమలపాకులు నములుతూ, "మర్యాద సరే వదినా, ఎన్ని లారీలడుగుతున్నాడు?" అనేవాడు. సుబ్బరత్నమ్మ గల్లాపెట్టె వెనకాల పెదవి కొరుక్కుని కూర్చునేది. పదిమంది మధ్య, పట్టపగలు, గుమాస్తా గొంతుతో ఆవిడకి ప్రేమలేఖలు వినిపించాయి. ఈ దేశంలో ఇంకే ఆడదానికైనా జరిగిందా అలాంటిది? ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ, ఈ బెంచీ మీద కూడా, నవ్వు వస్తోంది.

"నవ్వుతున్నారే! అంటే బాగున్నారన్నమాట" అంది కల్యాణి సోడా అందిస్తూ.

"బాగానే ఉన్నాడు."

"మీరు బాగానే అన్నారంటే చాలా బాగున్నట్టే. పండు మీదైనా అంతకంటే మంచిమాట అనరు మీరు."

"ఎవరినైనా అడిగించావా అమ్మాయ్? ఊరూ పేరూ, ముందూ వెనకా?"

"అడిగించడానికి నాకెవరున్నారు పిన్నిగారూ? అందుకేగా మిమ్మల్ని రమ్మన్నాను."

సోడా పక్కన పెట్టేసింది. అడిగించడానికి ఎవరూ లేరు. ఉన్న ఒక్క తల్లినీ ఏళ్ళ తరబడి మంచం మీద సాకి, పోయినేడు ముసునూరులో దహనం చేసి వచ్చి, మర్నాడే డ్యూటీకెక్కింది. ఆ రోజు కూడా సుబ్బరత్నమ్మ ఢిల్లీకి ట్రంకాల్ బుక్ చేస్తే, "లైన్లో ఉండండి పిన్నిగారూ" అని మామూలుగానే అంది, కొంచెం బొంగురుగా. మొహాలు చూసుకోకముందే ఒకరి గొంతు ఒకరికి అలవాటు. సీజనులో ఢిల్లీ మార్కెట్ ధర తెలియాలంటే ఈ పిల్ల దయ ఉండాల్సిందే. ఎవరి కాల్ ముందు కలపాలో, ఎవర్ని గడువు దాటినా చూసీచూడనట్టు మాట్లాడనివ్వాలో అన్నీ దీని చేతిలోనే. నాగపూర్ మనిషి మాయమయ్యాక, వాడిచ్చిన నంబరుకి ఫోన్ కలిపిందీ ఈ కల్యాణే. "ఆ పేరుగలవాళ్ళు అక్కడెవరూ లేరట పిన్నిగారూ, బట్టల కొట్టట అది. ఇంకోసారి కలపనా?" అంది పాపం. ఇంకోసారి కలిపింది. మర్నాడు మళ్ళీ కలిపింది. ఎందుకు పిన్నిగారూ ఆ నంబరు, అని ఒక్కసారైనా అడగలేదు. అడిగితే ఆ రోజే చెప్పేసేదేమో సుబ్బరత్నమ్మ. అబ్బే, చెప్పేది కాదు. తనమీద తనకి అంత నమ్మకం లేదు.

ఎందుకంటే అక్కడే ఉంది చిక్కంతా. మామిడి యార్డులో బేరం నోటితో జరగదు. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా నిలబడి చేతుల మీద తువాలు కప్పుకుంటారు. దాని కింద ఇన్ని వేళ్ళు పట్టుకుంటే ఇంత ధర, విదిలిస్తే కాదని, నొక్కితే సరేనని. చుట్టూ ఎంతమంది ఉన్నా లోపల ఏం జరిగిందో ఆ రెండు చేతులకే తెలియాలి. అది బయటపెట్టిన వ్యాపారి గడప మళ్ళీ ఎవడూ తొక్కడు. సుబ్బరత్నమ్మ కొట్టు చేపట్టాక తువాలు కింద పెట్టేది నారాయణరావు చెయ్యి. యజమాని ఆడది, ఆపైన విధవ, పరాయి మగాడి వేళ్ళు ఎలా పట్టుకుంటుంది? అలాంటిది, ఒక పొద్దున ఆ తెల్ల లాల్చీ యార్డులోకి నడిచొచ్చి, బంగినపల్లి రాశి చుట్టూ తిరిగి, "బేరం యజమానితోనే ఆడతానండీ" అని ఆవిడ ఎదురుగా తువాలు పరిచింది. నారాయణరావు దగ్గాడు. హమాలీలు గంపలు దించి చూస్తున్నారు. వచ్చింది ఎవరో ఆవిడకి తెలుసు, ఫోటో చూసింది కదా. చెయ్యి చాపింది. వాడు ఏ ధరా చెప్పలేదు. వేళ్ళు లెక్కపెట్టలేదు, నొక్కలేదు, విదిలించలేదు. ఊరికే పట్టుకున్నాడు. అరచేతిలో అరచెయ్యి పెట్టి, చలికాలం కుంపటి దగ్గర చేతులు పెట్టుకున్నంత నింపాదిగా, ఎంతసేపు పట్టుకున్నాడో! చుట్టూ జనం ఇద్దరి మొహాల్లో ధర వెతుకుతున్నారు. ఆఖరికి ఆవిడే చెయ్యి లాక్కుని, "కుదరదండీ" అంది పైకి. "పిసినిగొట్టులా ఉన్నాడమ్మగారూ" అన్నాడు నారాయణరావు. ఆ సాయంత్రమంతా కుడిచేత్తో ఏ పనీ చేయబుద్ధి కాలేదు. మొగుడు పోయాక మళ్ళీ ఒక మగాడు పట్టుకున్న చెయ్యి అది. అందరూ చూస్తుండగా పట్టుకున్నా ఎవరికీ తెలియని చెయ్యి.

అంత జరిగాక దాన్ని బయటపెట్టడమంటే ఎలా? నవ్వులపాలవుతానన్న భయం ఒక్కటే కాదు. భయమూ ఉంది, లేదనడానికి లేదు. శ్రీరాములు ఎప్పుడెప్పుడా అని చూస్తున్నాడు. వదిన కొట్లో కూర్చోవడం వంశానికి నామర్దా అని ఇప్పటికే నాలుగిళ్ళలో అన్నాడు. ఈ సంగతి తెలిస్తే ఆ కుర్చీ ఆవిడకి దక్కదు, ఆ ఇంట్లో గ్లాసుడు మంచినీళ్ళు కూడా మర్యాదగా దక్కవు. అదలా ఉంచితే, వ్యాపారపు పట్టుదల ఒకటి ఏడ్చింది ఆవిడకి. పూత మీద తోట కొంటాం. గాలివానొచ్చి పిందె అంతా రాలిపోతే తోటవాడి గుమ్మంలోకెళ్ళి ఏడుస్తామా? నోరు మూసుకుని వచ్చే ఏడు ఇంకో తోట చూసుకుంటాం. వీరరాఘవయ్య అలాగే చేసేవాడు, ఆవిడా అలాగే చేసింది. ఆ మనిషిని కూడా రాలిపోయిన తోట కింద రాసేసుకుంది. పోలీసు లేదు, పంచాయతీ లేదు. చూశావా సుబ్బరత్నమ్మా, నువ్వు పరువుగా మూసుకున్న నోరు వాడికి ఎంత ఉపకారం చేసిందో? నీ దగ్గర్నుంచి వాడు నేరుగా వెళ్ళి ఇంకో ఆదివారం పేపర్లో అదే 'సైతం' వేయించుకున్నాడు. మధ్యలో ఇంకెంతమందో. ఏ ఊళ్ళో ఏ టీచరమ్మో, ఏ నర్సో, ఏ ఒంటరి మనిషో, వాళ్ళూ తలుపులు వేసుకుని వాణ్ణి చంపుకుని ఏడ్చారేమో.

మరి వాడు పట్టుకుపోయిన కాసులపేరు? దాన్ని వాడు అడగలేదు. అదీ గొప్ప. అడిగితే వీరరాఘవయ్య పెళ్ళాం ఇచ్చేదా, గింజకి గింజ తూచే మనిషి! రెండోసారి వచ్చినప్పుడు కొట్టు వెనక గదిలో కూర్చోబెట్టి చిన్నరసం చేతిలో పెట్టింది. వాడు చాకు అడిగాడు. చిన్నరసానికి చాకు! దాన్ని మెత్తగా పిసికి ముచిక తీసి నోటికి పెట్టుకోవాలని నూజివీడులో పాలుతాగే పసివాడికి కూడా తెలుసే! మామిడి వ్యాపారం చేసేవాడు రసానికి చాకు అడుగుతాడా? ఆవిడకి అప్పుడే తెలిసింది. అయినా నాగపూర్‌లో అలా తింటారు కాబోలు అనుకుని, పండు తనే తీసుకుని తనే పిసికి, తనే ముచిక తీసి వాడి చేతికిచ్చింది. వాడు తాగుతూ, "మీరు నగ పెట్టుకుంటే ఎలా ఉంటారో ఊహకి అందడం లేదు" అన్నాడు. అంతే. అంతకంటే ఒక్క మాట ఎక్కువ లేదు. ఎప్పటినుంచో తాళం తీయని ట్రంకుపెట్టె తాళం తనే తీసింది. కాసులు నల్లబడ్డాయని తనే సిగ్గుపడింది. "మెరుగు పెట్టించుకొస్తాను, నా చేత్తో మెళ్ళో వేస్తాను" అన్నాడు. తీసుకెళ్ళండి అంది. కాబట్టి తెలియక మోసపోయానని ఎవరితోనూ అనలేదు సుబ్బరత్నమ్మ. తెలిసింది. తెలిసినదాన్ని పక్కకి నెట్టి మరీ ఇచ్చింది. ఊళ్ళో ఎవరితోనైనా చెప్పుకోవాలంటే ఆ చాకు సంగతి కూడా చెప్పాలి కదా, అది మరీ తలకొట్టేసినట్టుంటుంది.

"నీకేం చెప్పాడమ్మాయ్, ఫోన్లో?" అని అడిగింది ఉండబట్టలేక. అడిగాక తెలిసింది, అది జాగ్రత్త కోసం అడిగిన ప్రశ్న కాదని. అసూయ. ఛీ ఛీ, ఈ వయసులో, వీడి మీద!

కల్యాణి తలొంచుకుని హ్యాండ్‌బ్యాగు జిప్పు లాగుతూ వేస్తూ, "ఏముంది పిన్నిగారూ, మామూలే. రాత్రి డ్యూటీ చేస్తే చలిలో ఇంటికెళ్ళొద్దంటాడు. తెల్లారేదాకా ఉండి వెళ్ళమంటాడు. వెధవ డ్యూటీ, ఇన్నేళ్ళు చేశాను, ఎవరైనా అన్నారా ఆ మాట?" అంది.

తెల్లవారకముందే లేచి మంచులో తిరగవద్దని మనవి. అదే మంచు, అదే చలి. ఒక్క కార్డు మీది మాటలే అటూ ఇటూ తిప్పి అందరికీ వాడుతున్నాడు. బంగారం పోయినందుకు కాదు, ఆ మాట పోయినందుకు ఒళ్ళో ఫోటోని బోర్లించేసింది. రెండేళ్ళుగా ఆ మంచు మాట ఒక్కటీ తనదే అనుకుంది. వాడు చచ్చినా సరే, ఆ మాట మాత్రం నిజమే అనుకుంది. పొద్దున్నే లేవగానే శాలువా తల మీదికి లాక్కునేది, వాడి మాట దక్కించడానికి. సరే, పోయింది, అదీ పోయింది. ఇక దాచుకోవడానికి ఏం మిగిలింది? పరువు మిగిలింది. ఆ ఒక్కటీ గట్టిగా పట్టుకుని ఇంకో దారి వెతికింది.

"నగలు ఇవాళే ఇవ్వడం దేనికి కల్యాణీ? నాలుగు రోజులాగి, మనమే బెజవాడ వెళ్ళి చేయించుకుందాం. నేనూ వస్తాను."

కల్యాణి జిప్పు లాగడం ఆపేసింది. మొహం ఎర్రబడింది. "మీరూనా? ఎక్స్ఛేంజిలో సత్యవతి ఇదే అంది. మా చుట్టాలు ఇదే అన్నారు. నలభై ఆరేళ్ళదానికోసం ఎవడొస్తాడు, వస్తే బంగారం కోసమే వస్తాడు, అంతేగా అందరి లెక్కా? నాకోసం రాకూడదా పిన్నిగారూ? నేనేం మనిషిని కాదా? మీరు ఆ మాట అంటారనుకోలేదు నేను." కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కాటుక చెదురుతుందని వాటిని తుడుచుకోకుండా పైకి చూస్తూ నిలబడింది. బెంచీకి ఆ చివరకి వెళ్ళి కూర్చుంది.

ఏమంటుంది సుబ్బరత్నమ్మ? నీకోసం ఎందుకు రాకూడదమ్మా, వచ్చేవాడు వీడు కాకపోతే ఊరేగించి తెద్దును, అని లోపల అంటోంది. పైకి ఇందాకటి నుంచీ అన్నవి వేరే. జాగ్రత్తమ్మాయ్, అడిగించమ్మాయ్, ఆగమ్మాయ్. ఇలాంటి మాటలు తనకి ఎవరైనా చెప్పి ఉంటే వినేదా? చెప్పినవాళ్ళని శత్రువుల కింద జమకట్టేది. ఆకలితో ఉన్నవాడికి అన్నంలో రాళ్ళున్నాయని చెబితే రాళ్ళు ఏరుకుని తింటాను పెట్టమంటాడు. రెండేళ్ళ కిందట తనని ఏది ఆపేది? ఆలోచించింది. దేవుడు దిగి వచ్చి చెప్పినా ఆగేది కాదు. ఏ ఊరి మనిషో, తనలాంటి ఒక ముదురు మనిషి వచ్చి, నేనూ ఆ మంచు మాటకి పొంగిపోయానమ్మా, నేనూ తెలిసి తెలిసి పండు పిసికి చేతికిచ్చానమ్మా అంటే, అప్పుడు ఆగేది. సలహా చెప్పేవాళ్ళు ఎంతమందైనా ఉంటారు. నేనూ పడ్డాను అనేవాళ్ళే ఎవరూ రారు. ఎందుకు రారో సుబ్బరత్నమ్మకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఇద్దరే ఉన్నప్పుడు, ఈ బెంచీ మీదే, చెవిలో చెప్పొచ్చు కదా. చెప్పొచ్చు. జరిగి, ఆ చివరకి వెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి. ఇంకొంచెం సేపు ఆగి చెబుదాం, బస్సు ఎలాగూ ఆలస్యమే కదా అనుకుంది. రెండు గంపలు దాటితే చాలు, అంత దగ్గర. ఇదిగో లేస్తున్నా, అనుకుంటూనే ఉంది.

బస్సు వచ్చేసింది. ఎర్రటి దుమ్ముతో వచ్చి ఆగీ ఆగకముందే జనం కిటికీల్లోంచి తువాళ్ళూ సంచులూ సీట్ల మీదికి విసిరేస్తున్నారు. దిగేవాళ్ళు తిడుతున్నారు, ఎక్కేవాళ్ళు తోస్తున్నారు. కల్యాణి లేచి నిలబడి కొంగు సర్దుకుంది. అందరూ దిగాక, తీరిగ్గా, మెట్టు మెట్టుకీ ఆగుతూ, చిన్న చేతిసంచితో దిగాడు. జుట్టుకి రంగేశాడు. కొంచెం చిక్కాడు. చిక్కాడే అని మనసు చివుక్కుమంది సుబ్బరత్నమ్మకి, అంతలోనే ఆ మనసుని చెప్పుతో కొట్టాలనిపించింది. వాడు కల్యాణిని చూసి నవ్వాడు. మెత్తటి నవ్వు. కల్యాణి చెయ్యి హ్యాండ్‌బ్యాగు మీద ఉంది. సుబ్బరత్నమ్మ ఎప్పుడు లేచిందో, గంపలు ఎలా దాటిందో తెలియదు, ఇద్దరికీ మధ్యలోకి వచ్చి నిలబడింది. ఏ పేరు పెట్టి పిలవాలి? ఆ పేరా, ఈ పేరా? రెండూ అబద్ధాలే. నోటికి ఒక్కటే మాట వచ్చింది.

"ఏవండీ!"

వీరరాఘవయ్య పోయాక ఆ నోటివెంట రాని పిలుపు. ఈ మనిషిని కూడా ఎప్పుడూ అలా పిలవలేదు, ఒక్కతే ఉన్నప్పుడు గదిలో ఒకటి రెండుసార్లు అని చూసుకుంది, అంతే. ఇప్పుడు యార్డులో లారీల చప్పుడు మీద వినిపించే గొంతుతో వచ్చింది. గంప నెత్తికెత్తుకుంటున్న హమాలీ కొండయ్య ఆగిపోయాడు. సోడా బండివాడు తల తిప్పాడు. శ్రీరాములు తాలూకు మనుషులు ఇద్దరు టిక్కెట్ల దగ్గర నుంచి చూస్తున్నారు. కొట్టు సుబ్బరత్నమ్మ, విధవ సుబ్బరత్నమ్మ, ఎవరో మగాణ్ణి ఏవండీ అంది.

వాడి నవ్వు ఒక్క క్షణం మొహం మీదే గడ్డకట్టింది. ఒక్క క్షణమే. "అరెరే, సుబ్బరత్నమ్మగారా! బాగున్నారాండీ?" అన్నాడు.

"మీకు ముందే తెలుసా పిన్నిగారూ?" కల్యాణి ఆవిడ మొహమూ అతని మొహమూ మార్చి మార్చి చూసింది. "ఏంటండీ ఇది?"

"ఏం లేదమ్మా, తప్పు నాదే" అన్నాడు వాడు, చేతులు జోడించి, అందరికీ వినపడేలా. "వీరి కొట్టుకి సరుకు బాకీ పడ్డాను. మొహం చాటేశాను. పెద్దావిడకి కోపం రాదూ మరి? ఇవాళే తీర్చేస్తానండీ, నలుగురిలో నన్ను చిన్నబుచ్చకండి."

"అంతేనా!" కల్యాణి ఊపిరి వదిలింది. "బాకీయేనా పిన్నిగారూ?"

చుట్టూ మొహాలన్నీ తేలికపడ్డాయి. బాకీ అయితే అందరికీ అర్థమైన సంగతే. కొండయ్య గంప సర్దుకుంటున్నాడు. ఎంత తెలివైనవాడు! తనమీద దొంగ బాకీ వేసుకుని ఆవిడ పరువు ఆవిడకి తిరిగిచ్చేస్తున్నాడు. అవును అంటే చాలు. రేపు కొట్లో కుర్చీ ఉంటుంది, శ్రీరాములు నోరు మూసుకుంటాడు, ఊరు సుబ్బరత్నమ్మని ఇప్పటిలాగే చూస్తుంది. కల్యాణి మాత్రం, పాపం వ్యాపారంలో దెబ్బతిన్నాడు, అని వాణ్ణి ఇంకొంచెం ప్రేమిస్తుంది. వాడు ఆవిడ కళ్ళల్లోకి చూస్తున్నాడు. అవునను, అని బతిమాలుతున్నట్టుగా, నీ మంచికే, అన్నట్టుగా. ఆ చూపుకి ఇప్పటికీ ఎంత బలముందో!

"బాకీ కాదమ్మా" అంది సుబ్బరత్నమ్మ. గొంతు తగ్గించలేదు. తగ్గిస్తే మళ్ళీ లేవదని తెలుసు. "ఈయన్ని నేను పెళ్ళి చేసుకుందామనుకున్నాను. నాకూ ఇదే ఫోటో పంపాడు. మంచులో తిరగొద్దని నాకూ రాశాడు. మెరుగు పెట్టించుకొస్తానని నా కాసులపేరు పట్టుకెళ్ళాడు. రెండేళ్ళు ఎదురుచూశాను."

ఎవడో కిసుక్కున నవ్వాడు. నవ్వనీ. ఇంకెవరో "హవ్వ" అన్నారు. అననీ. నుదురంతా చెమట పట్టింది, కానీ ఊపిరి మాత్రం బాగా ఆడుతోంది. వాడు ఏదో మతి చలించిందనో, ఆవిడెవరో తనకు తెలియదనో గొణుగుతూ వెనక్కి అడుగులేస్తున్నాడు. ఇప్పుడే కదా బాకీ ఉన్నానన్నాడు! కండక్టరు ఈల వేశాడు. కల్యాణి వాడి వైపు చూడటం లేదు. సుబ్బరత్నమ్మనే చూస్తోంది. కాటుక చెంపల మీదికి వచ్చేసింది.

"మీకూనా పిన్నీ?" అంది. ఇన్నేళ్ళలో 'గారూ' తగిలించకుండా ఎప్పుడూ పిలవలేదు.

"నాకూనే అమ్మా."

కల్యాణి భుజానున్న హ్యాండ్‌బ్యాగు తీసి, "ఇది పట్టుకో" అని సుబ్బరత్నమ్మ చేతికిచ్చింది. వాడు అప్పటికి కదులుతున్న బస్సు మెట్టెక్కాడు. కల్యాణి కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని జనంలోంచి బస్సు ముందుకి పరిగెత్తి, రోజూ ఊరందరూ ఫోన్లో వినే ఆ గొంతుతో అరిచింది. "డ్రైవరుగారూ, బండి ఆపండి! ఆయన్ని దించండి!"